అమెరికా యూనివర్సిటీ బిల్లు, రిఫండ్, హెల్త్ ఇన్సూరెన్స్: ఎఫ్-1 విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఎమ్మెస్ సీటు ఖాయమయ్యాక ఇంట్లో లెక్కలన్నీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉన్న అంకె చుట్టూ తిరుగుతాయి. లోనుకి అదే ఆధారం, వీసా ఇంటర్వ్యూలో చూపించే డబ్బుకీ అదే ఆధారం. యూనివర్సిటీ బిల్లు వచ్చేసరికి మాత్రం అంకె వేరేలా ఉంటుంది. ఐ-20లో ఉండేది విద్యా సంవత్సరం మొత్తానికి ట్యూషన్, అద్దె, తిండి, పుస్తకాలు, ఇన్సూరెన్స్ కలిపి వేసిన అంచనా. ఆగస్టు ప్రాంతంలో వచ్చే బిల్లు ఒక్క సెమిస్టర్‌ది, అదీ యూనివర్సిటీకి చెల్లించాల్సినంత వరకే. బయట అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఉండబోతుంటే ఆ అద్దె ఇందులో కనిపించదు.

ఈ బిల్లులో డబ్బు పోగొట్టుకునేవాళ్లలో చాలామందికి లెక్క తెలుసు. తేదీ దాటిపోయి పోగొట్టుకుంటారు. ట్యూషన్ కట్టడానికి ఒక తేదీ, కోర్సు వదులుకోవడానికి ఇంకో తేదీ, ఇన్సూరెన్స్ వద్దని చెప్పడానికి మరో తేదీ. ఇవన్నీ వేర్వేరు ఆఫీసుల చేతిలో ఉంటాయి. ఒక ఆఫీసు గడువు ఇంకో ఆఫీసు గుర్తు చేయదు. తెలుగు రాష్ట్రాల నుంచి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అక్కడే స్థిరపడిన మన కుటుంబాల పిల్లల సంగతి మధ్యలో ఒకచోట వస్తుంది.

1. ముందు అకౌంట్ తెరిచి పెట్టుకోండి

ఫీజుల వ్యవహారం చూసే ఆఫీసుని చాలా యూనివర్సిటీల్లో బర్సర్ ఆఫీసు అంటారు. కొన్నిచోట్ల స్టూడెంట్ అకౌంట్స్ అనో, స్టూడెంట్ ఫైనాన్షియల్ సర్వీసెస్ అనో ఉంటుంది. స్కాలర్‌షిప్‌లు, లోన్లు చూసే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు వేరు. వీసా స్టేటస్ చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు వేరు. ఇన్సూరెన్స్ సంగతి స్టూడెంట్ హెల్త్ సెంటర్ దగ్గరో, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరో ఉంటుంది. ఏ ప్రశ్న ఎవరికి రాయాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

బిల్లు పోస్టులో రాదు. స్టూడెంట్ పోర్టల్‌లో పెట్టి, యూనివర్సిటీ ఇచ్చిన ఈమెయిల్‌కి ఒక సమాచారం పంపుతారు. మీ పాత జీమెయిల్‌కి అడ్మిషన్ దాకా మెయిళ్లు వచ్చి ఉండవచ్చు, ఆ తర్వాత దాన్ని నమ్ముకోవద్దు. యూనివర్సిటీ మెయిల్ ఫోన్లో పెట్టుకుని రోజూ చూడండి.

ఇంకో పని ఇంట్లో ఉండగానే చేయాలి. ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి ఫీజు వివరాలు విద్యార్థి అనుమతి లేకుండా తల్లిదండ్రులకు చెప్పకూడదు. కరీంనగర్ నుంచి నాన్న ఫోన్ చేసి మా అబ్బాయి బిల్లు ఎంత అని అడిగితే అవతలివాళ్లు చెప్పరు, డబ్బు కట్టేది ఆయనే అయినా సరే. పోర్టల్‌లో ఆథరైజ్డ్ యూజర్ అనే సదుపాయం ఉంటుంది. అక్కడ తల్లిదండ్రుల ఈమెయిల్ చేరిస్తే వాళ్లే లాగిన్ అయి బిల్లు చూసి కట్టవచ్చు. మార్కులు మాత్రం అందులో కనిపించవు.

2. బిల్లుని లైను లైనుగా చదవండి

లెక్క కోసం ఒక ఊహా బిల్లు చూద్దాం. పీజీ విద్యార్థులకి ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో చాలా యూనివర్సిటీలు 9 క్రెడిట్లని ఫుల్‌టైమ్‌గా లెక్కిస్తాయి. క్రెడిట్‌కి 1,150 డాలర్లు అనుకుంటే ట్యూషన్ 10,350. అందరికీ తప్పనిసరి అయిన ఫీజులు 980. ఇంజనీరింగ్ కాలేజీ అదనపు ఫీజు క్రెడిట్‌కి 60 చొప్పున 540. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఫీజు 150. హెల్త్ ఇన్సూరెన్స్ 1,480. మొత్తం 13,500 డాలర్లు. సీటు ఖాయం చేసుకోవడానికి ముందే కట్టిన డిపాజిట్ 500, స్కాలర్‌షిప్ 1,000 తీసేస్తే కట్టాల్సింది 12,000.

ఇక్కడ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డిపాజిట్ బిల్లులో తగ్గిందా లేదా? తగ్గకపోతే రసీదు జతచేసి బర్సర్‌కి రాయండి. ఆఫర్ లెటర్‌లో 2,000 డాలర్ల స్కాలర్‌షిప్ అని ఉండి, బిల్లులో 1,000 మాత్రమే కనిపిస్తే కంగారు పడకండి. ఏడాది మొత్తాన్ని రెండు సెమిస్టర్లకి సగం సగం పంచడం మామూలే. స్కాలర్‌షిప్ పక్కన పెండింగ్ అనో, యాంటిసిపేటెడ్ అనో ఉంటే ఆ డబ్బు ఇంకా అకౌంట్లో పడలేదని. దాన్ని లెక్కలో తీసుకుని మిగతాది కట్టవచ్చో లేదో ఆ యూనివర్సిటీ నియమం చూడాలి.

అసిస్టెంట్‌షిప్, అంటే యూనివర్సిటీలోనే బోధనలోనో పరిశోధనలోనో సాయపడే ఉద్యోగం, వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. ట్యూషన్ వేవర్, అంటే మాఫీ, పేరుకు తగ్గట్టు ట్యూషన్‌కే. పై బిల్లులో 10,350 పోయినా మిగిలిన లైన్లు కలిపి 3,150 డాలర్లు అలాగే ఉంటాయి. కొన్ని యూనివర్సిటీలు అసిస్టెంట్లకి ఇన్సూరెన్స్‌లో కొంత భరిస్తాయి, కొన్ని భరించవు. సెమిస్టర్ మొదలయ్యాక డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఇస్తే ఆ కాగితాలు కదిలేలోపు ఫీజు గడువు వచ్చేస్తుంది. అప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ బర్సర్‌కి పంపి, లేట్ ఫీ పడకుండా గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగాలి. మెయిల్లో అడిగితే తర్వాత చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.

గడువులోపు కట్టకపోతే లేట్ ఫీ పడుతుంది, అకౌంట్ మీద హోల్డ్ పడుతుంది. హోల్డ్ ఉంటే వచ్చే సెమిస్టర్ కోర్సులు రిజిస్టర్ కావు. కొన్ని యూనివర్సిటీలు ఫీజు కట్టనివాళ్ల కోర్సులే తీసేస్తాయి. ఎఫ్-1 విద్యార్థికి అది ఫీజు సమస్యగా ఆగదు, స్టేటస్ సమస్య అవుతుంది.

3. డబ్బు పంపేటప్పుడు

ఇండియా నుంచి కట్టడానికి యూనివర్సిటీలు సాధారణంగా ఫ్లైవైర్, కన్వేరా, పేమైట్యూషన్ వంటి సంస్థల్లో ఒకదానితో ఒప్పందం పెట్టుకుంటాయి. పోర్టల్ నుంచే వాళ్ల పేజీకి వెళ్తే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. బ్యాంకులో ఫారం ఏ2 (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు) నింపేటప్పుడు ఆ నంబరు, విద్యార్థి ఐడీ తప్పకుండా రాయాలి. అవి లేకుండా వెళ్లిన డబ్బు యూనివర్సిటీ బ్యాంకుకి చేరినా ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది. బిల్లులో మాత్రం బాకీ అలాగే కనిపిస్తుంది.

ఫీజు లేదు అని ఎవరు చెప్పినా, డాలరు రేటు ఎంత వేశారో చూడండి. వాళ్ల లాభం చాలావరకు అక్కడే ఉంటుంది. బ్యాంకు రేటు, ఈ సంస్థల రేటు పక్కపక్కన పెట్టి, 12,000 డాలర్లు చేరాలంటే మొత్తం ఎన్ని రూపాయలు అవుతుందో పోల్చడమే సరైన పద్ధతి.

విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. పరిమితి సమస్య చాలామందికి రాదు, టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, దాని దగ్గరే గందరగోళం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల రూపాయల దాకా టీసీఎస్ లేదు. బ్యాంకు వంటి గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యా రుణం నుంచి పంపితే 10 లక్షలు దాటినా లేదు. సొంత డబ్బు పంపితే దాటిన మొత్తం మీదే పడుతుంది. ఆ రేటు బడ్జెట్లలో మారుతుంటుంది కాబట్టి పంపే ఏడాది రేటు బ్యాంకులో అడగండి. గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఆగస్టులో కట్టే ఫాల్ ఫీజు, జనవరిలో కట్టే స్ప్రింగ్ ఫీజు రెండూ ఒకే ఏడాది లెక్కలోకి వస్తాయి.

టీసీఎస్ పోయిన డబ్బేమీ కాదు. డబ్బు పంపినవాళ్ల పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనిపిస్తుంది. వాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు, లేదా కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. అందుకని ఇంట్లో రిటర్న్ వేసే అలవాటున్న వాళ్ల ఖాతా నుంచి పంపడం మేలు.

లోను మీద వెళ్లేవాళ్లకి ముఖ్యమైన విషయం బ్యాంకు అడిగే కాగితం. చాలా బ్యాంకులు సెమిస్టర్‌వారీగా, యూనివర్సిటీ ఇచ్చిన ఇన్‌వాయిస్ చూసి విడుదల చేస్తాయి. పోర్టల్‌లో బిల్లు కనిపించిన రోజే డౌన్‌లోడ్ చేసి బ్రాంచికి పంపండి. సంతకాలు, ఫారెక్స్ విభాగం, మధ్యలో రెండు సెలవులు కలిస్తే వారం పది రోజులు ఇట్టే గడిచిపోతాయి. గడువు తేదీ అంటే డబ్బు యూనివర్సిటీకి చేరాల్సిన తేదీ, మీరు పంపిన తేదీ కాదు. తెలంగాణలో అంబేద్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి పథకాల కింద వచ్చే 20 లక్షల రూపాయలు రెండు విడతలుగా, అక్కడికి చేరిన తర్వాతే అందుతాయి. మొదటి సెమిస్టర్ బిల్లుకి ఆ డబ్బు లెక్కలో వేసుకోవద్దు.

అమెరికా చేరాక అక్కడి బ్యాంకు ఖాతా నుంచి ఈ-చెక్ ద్వారా కడితే సాధారణంగా అదనపు ఫీజు ఉండదు. క్రెడిట్ కార్డు అయితే చాలాచోట్ల రెండున్నర, మూడు శాతం దాకా వడ్డిస్తారు. ఈ-చెక్‌లో డెబిట్ కార్డు నంబరు కాకుండా ఖాతా నంబరు, రౌటింగ్ నంబరు వేయాలి. ఒక్క అంకె తప్పినా చెల్లింపు తిరిగొచ్చి దానికో జరిమానా పడుతుంది. ఒకేసారి కట్టలేకపోతే పేమెంట్ ప్లాన్ ఉందేమో చూడండి. కొద్ది డాలర్ల నమోదు ఫీజుతో సెమిస్టర్ బిల్లుని నెలవారీ వాయిదాలుగా కట్టనిస్తారు. చాలావాటిలో వడ్డీ ఉండదు. వడ్డీకి చేబదులు తెచ్చేకన్నా ఇది ఎంతో నయం. కానీ దీనికీ నమోదు గడువు ఉంటుంది.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒక ఆఫర్ తిరుగుతుంటుంది: మీ ట్యూషన్ మేం కడతాం, అయిదు పది శాతం తగ్గించి మాకివ్వండి అని. పోర్టల్‌లో నిజంగానే బాకీ సున్నా అవుతుంది, మీరు నమ్మి డబ్బు పంపేస్తారు. అవతలివాళ్లు కట్టింది దొంగిలించిన కార్డుతో. కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే ఆ చెల్లింపు రద్దయి పూర్తి బాకీ మళ్లీ మీ మీద పడుతుంది, పైగా యూనివర్సిటీ పోలీసుల ప్రశ్నలు. ట్యూషన్ మీద డిస్కౌంట్ ఇచ్చేవాళ్లు యూనివర్సిటీ తప్ప ఇంకెవరూ ఉండరు.

4. రిఫండ్ ఎప్పుడు, ఎలా వస్తుంది

అకౌంట్లో బాకీ కన్నా జమ ఎక్కువైతే ఆ మిగులే రిఫండ్. అది నాలుగు దారుల్లో ఏర్పడుతుంది. అవసరానికి మించి డబ్బు పంపారు, స్కాలర్‌షిప్ ఆలస్యంగా పడింది, కోర్సు వదిలేశారు, లేదా ఇన్సూరెన్స్ లైను తొలగించారు. ఏ దారిలో వచ్చిందన్నదాన్ని బట్టి ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో తేలుతుంది. కార్డుతో కట్టిన డబ్బు కార్డుకే వెళ్తుంది. విదేశం నుంచి వచ్చిన డబ్బుని చాలా యూనివర్సిటీలు మనీ లాండరింగ్ నియమాల వల్ల వచ్చిన దారినే తిప్పి పంపిస్తాయి. లోను ఖాతాకి తిరిగి వెళ్తే అక్కడి ఖర్చులకి అందదు. ఇక్కడ డాలరు రేటు తేడా కూడా మీకే. అందుకని ఐ-20 అంకె చూసి ఏడాది డబ్బంతా ఒకేసారి యూనివర్సిటీకి పంపి, మిగిలింది అక్కడ తీసుకుందాం అనుకోవద్దు. బిల్లులో ఉన్నంతే యూనివర్సిటీకి పంపండి. జీవన వ్యయం డబ్బు మీ అమెరికా ఖాతాకి విడిగా పంపండి. కొన్ని విదేశీ రుణ సంస్థలు మొత్తం యూనివర్సిటీకే పంపుతాయి. వాళ్ల దగ్గర తీసుకున్నవాళ్లకి అద్దె డబ్బు రిఫండ్ రూపంలోనే చేతికొస్తుంది కాబట్టి మొదటి నెల ఖర్చు వేరేగా పట్టుకెళ్లాలి.

రిఫండ్ నేరుగా ఖాతాలో పడాలంటే పోర్టల్‌లో డైరెక్ట్ డిపాజిట్ నమోదు చేయాలి. చేయకపోతే మీ పేరుతో ఉన్న చిరునామాకి చెక్ వెళ్తుంది. పోర్టల్‌లో ఇంకా కూకట్‌పల్లి చిరునామానే ఉంటే ఆ చెక్ కూకట్‌పల్లికే వస్తుంది.

కోర్సు వదిలేయడం గురించి కాస్త నిదానంగా చదవండి. డ్రాప్ వేరు, విత్‌డ్రా వేరు. సెమిస్టర్ మొదటి రోజుల్లో డ్రాప్ చేస్తే ఆ కోర్సు రికార్డులోంచే పోతుంది, డబ్బు పూర్తిగానో, చాలావరకో తిరిగొస్తుంది. ఆ గడువు దాటాక వదిలితే (ఇదే విత్‌డ్రా) ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల పత్రం, మీద డబ్ల్యూ పడుతుంది, వారాలు గడిచేకొద్దీ తిరిగొచ్చే శాతం తగ్గుతూ సున్నాకి వస్తుంది. ఏ తేదీ దాకా ఎంత శాతం అన్న పట్టిక అకడమిక్ క్యాలెండర్‌లోనో, బర్సర్ పేజీలోనో ఉంటుంది. సెమిస్టర్ మొదటి వారంలోనే దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. క్లాసుకి వెళ్లడం మానేస్తే కోర్సు దానంతటదే రద్దు కాదు. బిల్లూ ఉంటుంది, ఎఫ్ గ్రేడూ వస్తుంది.

డబ్బు కలిసొస్తుందని 9 క్రెడిట్లని 6కి తగ్గించే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా స్టేటస్ చూసే అధికారి డీఎస్‌వోని కలవాలి. ముందస్తు అనుమతి లేకుండా ఫుల్‌టైమ్ కన్నా తగ్గితే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. స్కాలర్‌షిప్‌కి కూడా ఫుల్‌టైమ్ షరతు ఉంటే కోర్సు వదిలినందుకు వచ్చే రిఫండ్ ఒకవైపు, స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకోవడం ఇంకోవైపు. చివరికి ఎదురు కట్టాల్సి రావచ్చు. పెద్ద జబ్బు చేసి సెమిస్టర్ ఆపేయాల్సి వస్తే చాలా యూనివర్సిటీల్లో మెడికల్ విత్‌డ్రాయల్ అభ్యర్థన ఉంటుంది. డాక్టర్ పత్రాలతో పెట్టుకుంటే మామూలు గడువు దాటినా ఫీజులో కొంత వెనక్కి వచ్చే అవకాశం ఉంది.

ఇప్పుడు అక్కడే స్థిరపడిన కుటుంబాల సంగతి. ఫాఫ్సా అనే ప్రభుత్వ సాయం దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు పౌరులకి, గ్రీన్‌కార్డు వంటి అర్హత ఉన్నవాళ్లకే. ఎఫ్-1 వాళ్లకి లేవు, చిన్నప్పుడే వెళ్లి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకీ లేవు. అర్హత ఉన్నవాళ్లకి ఫెడరల్ ఎయిడ్ అకౌంట్లో పడి మిగులు ఏర్పడితే యూనివర్సిటీ సాధారణంగా 14 రోజుల్లోపు ఇచ్చేయాలి. లోను 5,500 డాలర్లు మంజూరైనా అకౌంట్లో కొంచెం తక్కువ పడుతుంది, ముందే ఫీజు కోసుకుంటారు కాబట్టి. అవసరం లేని లోను డబ్బుని 120 రోజుల్లోపు తిప్పి కడితే ఆ భాగానికి వడ్డీ, ఫీజు పడవు. సెమిస్టర్‌లో 60 శాతం పూర్తికాకముందే అన్ని కోర్సులూ మానేస్తే, ఉన్న రోజుల నిష్పత్తి మేరకే ఆ ఎయిడ్ దక్కుతుంది. మిగతాది ప్రభుత్వానికి తిరిగి వెళ్తుంది, ఆ లోటు విద్యార్థికి బిల్లుగా వస్తుంది. రిఫండ్ చేతికొచ్చిందని ఖర్చుపెట్టేసినవాళ్లని ఇదే ఎక్కువగా దెబ్బతీస్తుంది.

5. ఇన్సూరెన్స్: యూనివర్సిటీదా, బయటిదా

జే-1 (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) వీసా వాళ్లకి ఇన్సూరెన్స్ ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది: ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజి, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మీరు భరించాల్సిన మొత్తం) 500కి మించకూడదు. ఎఫ్-1కి అలాంటి ఫెడరల్ నియమం లేదు, యూనివర్సిటీ ఇష్టం. చాలా యూనివర్సిటీలు తమ ప్లాన్‌ని బిల్లులో ముందే వేసేస్తాయి. బయట వేరే పాలసీ తీసుకున్నట్టు చూపించి దాన్ని తీసేయమని అడగడమే వేవర్. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకి వేవర్ అసలే ఇవ్వవు. అక్కడ ఈ చర్చే లేదు.

వేవర్ ఇచ్చే చోట ముందుగా వాళ్ల షరతుల పట్టిక చదవండి, తర్వాతే పాలసీ కొనండి. డిడక్టబుల్ ఎంతకి మించకూడదు, గర్భం, మానసిక ఆరోగ్యం, ముందునుంచీ ఉన్న జబ్బులు కవర్ కావాలా, అమెరికాలో క్లెయిమ్ ఆఫీసు ఉండాలా అన్నవి అందులో ఉంటాయి. మన దగ్గర అమ్మే స్టూడెంట్ ట్రావెల్ పాలసీల్లో చాలావాటిని ఈ షరతుల వల్ల ఒప్పుకోరు. వేవర్ తిరస్కరిస్తే డబ్బు వెనక్కిచ్చే కంపెనీ దగ్గరే కొనండి. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని ఊరుకోవద్దు. ప్రతి ఏడాదీ, కొన్నిచోట్ల ప్రతి సెమిస్టర్ మళ్లీ పెట్టాలి. గడువు దాటితే బయట పాలసీ ఉన్నా యూనివర్సిటీ ప్లాన్ డబ్బూ కట్టాల్సిందే. అంటే రెండు ఇన్సూరెన్స్‌లు.

ఏది మేలు? ఏడాదికి రెండు మూడు వందల డాలర్ల తేడా అయితే యూనివర్సిటీ ప్లానే తీసుకోమంటాను. షుగర్, థైరాయిడ్, ఆస్తమా ఉన్నవాళ్లు, పెళ్లయి వెళ్లేవాళ్లు తేడా ఎక్కువైనా దానివైపే చూడాలి. ఇన్సూరెన్స్ కంపెనీలు జారీచేసే యూనివర్సిటీ ప్లాన్లు 2014 నుంచి అమల్లో ఉన్న ఆరోగ్య బీమా చట్టం నియమాల కిందికి వస్తాయి, ముందునుంచీ ఉన్న జబ్బుల్ని వదిలేయడానికి వీల్లేదు. చవక పాలసీలు చాలావరకు ట్రావెల్ పాలసీ కోవకి చెందుతాయి. వాటికి ఆ నిబంధన లేదు. తేడా ఏడాదికి వెయ్యి డాలర్లు దాటి, మీకు ఏ జబ్బూ లేకపోతే బయటి ప్లాన్ గురించి ఆలోచించవచ్చు. అయినా మినహాయింపుల పేజీ చదివాకే.

అక్కడి పౌరుల పిల్లలు 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండవచ్చు. అది ఒక ప్రాంతంలోని డాక్టర్లు, ఆస్పత్రులకే పరిమితమైన హెచ్ఎంవో రకం ప్లాన్ అయితే మాత్రం జాగ్రత్త. కాలిఫోర్నియాలో కైజర్ అనే అలాంటి ప్లాన్ ఉన్న అమ్మాయి టెక్సస్‌లో చదివితే అక్కడ ఎమర్జెన్సీకి తప్ప మామూలు చికిత్సకి ఆ ప్లాన్ పెద్దగా పనికిరాదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ కూడా ఇంతే, రాష్ట్రం దాటితే అక్కరకు రాదు.

6. జబ్బు చేసినప్పుడు లెక్క ఎలా నడుస్తుంది

అపెండిక్స్ ఆపరేషన్ అయిందనుకుందాం. ఆస్పత్రి వేసిన బిల్లు 30,000 డాలర్లు. ఆ ఆస్పత్రి మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల జాబితాలో, ఉంటే ఇన్సూరెన్స్‌తో ముందే ఒప్పుకున్న ధర, ఉదాహరణకు 12,000, అదే లెక్కలోకి వస్తుంది. మిగతా 18,000 ఎవరూ కట్టనక్కర్లేదు. మీ డిడక్టబుల్ 500 అయితే ముందు ఆ 500 మీది. మిగిలిన 11,500లో మీ వాటా, అంటే కో-ఇన్సూరెన్స్, 20 శాతం అయితే 2,300. మొత్తం 2,800. కానీ ప్లాన్‌లో ఏడాదికి మీరు భరించే గరిష్ఠ పరిమితి 2,500 అని ఉంటే అక్కడితో ఆగుతుంది. పాలసీ ఎంచుకునేటప్పుడు అందరూ ప్రీమియం చూస్తారు. పెద్ద జబ్బు వచ్చిన రోజున కాపాడేది ఈ గరిష్ఠ పరిమితి. చవక పాలసీల్లో కొన్నింటికి ఇది అసలు ఉండదు, పైగా కంపెనీ ఇచ్చేదానికే పరిమితి ఉంటుంది. అదే ఆస్పత్రి నెట్‌వర్క్ బయటిదైతే ఈ లెక్కంతా తారుమారు.

జ్వరం, దగ్గు, చర్మ సమస్యలకి మొదట క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి వెళ్లండి. దానికి బిల్లులో హెల్త్ ఫీజు ముందే కట్టి ఉంటారు. కొన్ని ప్లాన్లలో అక్కడి రిఫరల్ లేకుండా బయట స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే డబ్బు తక్కువ ఇస్తారు, లేదా ఇవ్వరు. కాలు బెణికితే అర్జంట్ కేర్ (ప్రాణాపాయం లేని అత్యవసరాలు చూసే క్లినిక్) చాలు. ఛాతీనొప్పి, పెద్ద ప్రమాదం, ఊపిరాడకపోవడం వంటివాటికి 911 చేయండి, ఖర్చు గురించి ఆలోచించకండి. 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం డబ్బుతో సంబంధం లేకుండా మిమ్మల్ని చూసి, పరిస్థితి కుదుటపరచాలి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల, అది వర్తించే ప్లాన్లలో, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆస్పత్రికి వెళ్లినా అదనపు బిల్లు వేయకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కి మాత్రం ఆ రక్షణ లేదు.

పళ్లు, కళ్లు సాధారణంగా ఈ ప్లాన్లలో ఉండవు. రూట్ కెనాల్ పని ఏదైనా ఉంటే విమానం ఎక్కేలోపే పూర్తి చేసుకోండి. రెండు జతల కళ్లద్దాలు పెట్టుకోండి. రోజూ వాడే మందులు డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే తీసుకెళ్లండి.

7. ఆస్పత్రి బిల్లు చేతికొచ్చాక

ముందుగా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈవోబీ అనే కాగితం వస్తుంది. అది బిల్లు కాదని దాని మీదే రాసి ఉంటుంది. ఎంత వేశారు, ఎంత ఒప్పుకున్నారు, మీ వాటా ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఆస్పత్రి బిల్లులో మీ వాటా ఈవోబీతో సరిపోలితేనే కట్టండి. ఈవోబీ రాకముందే బిల్లు వస్తే ఫోన్ చేసి క్లెయిమ్ ఇన్సూరెన్స్‌కి పంపారా అని అడగండి. ఇన్సూరెన్స్ కార్డు నంబరు తప్పుగా ఎక్కించడం చాలా మామూలు.

కంపెనీ ఒక్కోసారి ఉత్తరం రాస్తుంది: ఈ గాయం ప్రమాదంలో అయిందా, మీకు ఇంకో ఇన్సూరెన్స్ ఉందా అని. చూడటానికి ప్రకటనలా ఉంటుంది, చాలామంది పడేస్తారు. జవాబు ఇచ్చేదాకా క్లెయిమ్ కదలదు. ఆస్పత్రి ఆ మొత్తం మిమ్మల్నే అడుగుతుంది. అపార్ట్‌మెంట్ మారినప్పుడు ఇన్సూరెన్స్ అకౌంట్లో చిరునామా మార్చకపోతే ఆ ఉత్తరం మీకు అందనే అందదు.

అంకె పెద్దదిగా అనిపిస్తే ఐటమైజ్డ్ బిల్లు అడగండి. చేయని పరీక్ష, రెండుసార్లు వేసిన మందు అక్కడ బయటపడతాయి. క్లెయిమ్ తిరస్కరించారా? యూనివర్సిటీ ప్లాన్ల వంటివాటిలో 180 రోజుల్లోపు అప్పీల్ చేయవచ్చు. ఆస్పత్రి లాభాపేక్ష లేనిదైతే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ విధానం తప్పనిసరిగా ఉండాలి. మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. విద్యార్థి ఆదాయం ఎంత ఉంటుందో తెలిసిందే, కాబట్టి మొహమాటం లేకుండా అడగండి. ఇంటర్నేషనల్ విద్యార్థులకి ఆ సాయం వర్తిస్తుందా అన్నది ఆ ఆస్పత్రి విధానంలో రాసి ఉంటుంది. కట్టక తప్పని మొత్తానికి వడ్డీ లేని వాయిదాలు చాలా ఆస్పత్రులు ఇస్తాయి. చేయకూడనిదల్లా ఉత్తరాలు తెరవకుండా ఊరుకోవడం. బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్తే ఈ దారులన్నీ కష్టమవుతాయి.

8. చదువు ముగిసేటప్పుడు

స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకి మించి అద్దెకీ తిండికీ వెళ్లిన భాగం మీద అమెరికాలో పన్ను ఉంటుంది. ఎఫ్-1 నాన్‌రెసిడెంట్‌కి సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుని 1042-ఎస్ ఫారం ఇస్తారు. 1040-ఎన్ఆర్ రిటర్న్ వేసేటప్పుడు, ఇండియా ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. ఇతర దేశాల నాన్‌రెసిడెంట్ విద్యార్థుల్లో చాలామందికి ఇది లేదు. పట్టుకున్న పన్నులో కొంతో, మొత్తమో వెనక్కి రావచ్చు. ఆదాయం ఏమీ లేకపోయినా ఫారం 8843 పంపాలి.

డిసెంబర్‌లో పట్టా తీసుకునేవాళ్లు ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగిపోతుందో నవంబర్‌లోనే కనుక్కోండి. కొన్ని ప్లాన్లు కట్టిన ఏడాది చివరిదాకా నడుస్తాయి, కొన్ని సెమిస్టర్‌తో ముగుస్తాయి. ఓపీటీలో (చదువయ్యాక ఎఫ్-1 వాళ్లు పనిచేసుకునే అనుమతి) ఉద్యోగం దొరికేలోపు ఖాళీ వస్తే, పాత కవరేజి పోయిన 60 రోజుల్లోపు ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనవచ్చు, లేదా ఓపీటీ వాళ్లకోసం అమ్మే పాలసీ తీసుకోవచ్చు.

చివరి సెమిస్టర్ అయ్యాక బర్సర్ అకౌంట్ మరోసారి తెరవండి. లైబ్రరీ జరిమానా, పార్కింగ్ టికెట్ వంటి చిన్న బాకీ ఉన్నా పట్టా, ట్రాన్‌స్క్రిప్ట్ ఆగే అవకాశం ఉంది. రావాల్సిన రిఫండ్ ఏదైనా ఉంటే అది ఖాతాలో పడేదాకా ఆ బ్యాంకు ఖాతా మూసేయకండి. యూనివర్సిటీ మెయిల్ ఎప్పటిదాకా పనిచేస్తుందో కనుక్కుని, పోర్టల్‌లో సొంత ఈమెయిల్, కొత్త చిరునామా చేర్చండి. ఇన్‌వాయిస్‌లు, రసీదులు, ఈవోబీలు అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పోర్టల్ లాగిన్ పోయాక అవి తెప్పించుకోవడం పెద్ద తతంగం.